రాయా? బురదా?

"సారూ, బురదేనా?"

బహదూర్‌పురా అవతల చెరువు గట్టు మీద నిలబడి బేబీ రోజూ పొద్దున్నే వేసే కేక ఇది. పడవలో కూర్చున్న సర్వే ఇంజినీరు డానియేలు తల ఎత్తకుండానే జవాబిస్తాడు.

"ఇంక తేలలే."

చెరువు మీదుగా వంతెన వేస్తారట. ఈ గట్టు దగ్గర అడుగున రాయి ఉంటే వంతెన ఇక్కడే దిగుతుంది, గట్టు మీది నాలుగిళ్లూ కూలుతాయి. ఇక్కడా బురదే అని తేలితే, ఖాళీ జాగా ఉంది కాబట్టి అవతలి గట్టుకు పోతుంది. అన్నిటికంటే ముందు కూలేది బేబీ ఇల్లు, నీలం తలుపుది. అందుకని చెరువు అడుగున బురదే ఉండాలని ఆమె ఉపవాస ప్రార్థన కూడా పెట్టించింది. బురద కోసం ప్రార్థించడం పాస్టరు గారికి కూడా కొత్తే.

డానియేలు పని చూడ్డానికి సులువే. పడవ కింద ఒక డబ్బా ఉంటుంది. అది నీళ్లలోకి టక్కుమని శబ్దం పంపుతుంది. మెత్తటి బురద ఆ శబ్దాన్ని మింగేస్తుంది, రాయి తిప్పికొడుతుంది. తిరిగొచ్చినదాన్ని బట్టి అడుగున ఏముందో చెప్పాలి. చిక్కల్లా గట్టు దగ్గరే. అక్కడ నీళ్లు నడుములోతు. శబ్దం అడుగుకీ పైకీ మధ్య బంతిలా ఎగిరి అంతా కలగాపులగం చేస్తుంది.

చివరికి అక్కడ ఏదో గట్టిగా తగిలింది.

"రాయి లెక్కనే ఉంది భాయ్," అన్నాడు పడవ నడిపే తౌఫీఖ్. గట్టు మీద బేబీకి వినపడనే వినపడింది.

"రాయి కాదు సారూ! ఏండ్ల సంది ముంచిన గణపతులు! ఒక్కటన్న కరిగిందా?"

పక్కింటి షహనాజ్ నోటికి ఓణీ అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, ఏడుపుకో తెలియలేదు.

"ఏం నోరు భాయ్ ఈమెది! ఇంట్లోళ్లు ఎట్ల వేగుతున్నరో," అన్నాడు తౌఫీఖ్.

"అలవాటైతది," అన్నాడు డానియేలు.

అయినా మాట కొట్టిపారేసేది కాదు. ప్లాస్టర్ విగ్రహాలూ శబ్దాన్ని తిప్పికొడతాయి. డానియేలు పడవ వెనక్కి తిప్పించాడు. అదే దారిలో మళ్లీ మళ్లీ నడిపించాడు. విగ్రహాలైతే శబ్దం ముక్కలుముక్కలుగా రావాలి. ఇక్కడ ఒకే తీరుగా గట్టు దాకా సాగింది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పాడు. చింతచిగురు పప్పు. రెండు ముద్దలు తిని మూత పెట్టేశాడు.

"బురద అని రాసెయ్ యార్," గొంతు తగ్గించాడు తౌఫీఖ్. "గీ జాగల మిషనుకే సమజ్ కాదు. ఎవడు అడుగుతడు? పాపం, ఆమె ఇల్లన్న మిగుల్తది."

"అవతల నిండా బురదే భాయ్. వంతెన అక్కడేస్తే, రేపు బస్సుతో సహా కుంగుతది."

చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత 'రాయి' అని రాసి ఆఫీసుకు పంపేశాడు.

సాయంత్రం ఒడ్డుకు దిగగానే బేబీ ఎదురొచ్చింది.

"ఏం రాసినవ్ సారూ?"

"రాయి."

బేబీ వంగి, పిడికెడు బురద తీసి అతని అంగీ మీద కొట్టింది.

"నీ ఇల్లు గూల!"

"గూల్తది," అన్నాడు డానియేలు.

తౌఫీఖ్ అడ్డం పోబోయాడు. డానియేలు చెయ్యి పట్టి ఆపాడు.

"వద్దు భాయ్. ఆమె కోపం నాయమే. నువ్వు ఇంటికి పో."

తౌఫీఖ్ బండి పత్తర్‌గట్టి వైపు మలుపు తిరిగేదాకా ఆగి, డానియేలు నీలం తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి, బేబీ కళ్లు తుడుచుకుంటూ పొద్దుటి చింతచిగురు పప్పే వేడిచేసి మొగుడి కంచంలో వేసి, "అంగీ ఇప్పియ్, నానబెడ్త," అంది.