ఉప్పు నిలవని బిడ్డ

“పాలివ్వకే! నా ఈవాన్ ఇలాగే వాంతులు చేసుకుని పోయాడు. నా పాలే వాడికి విషమయ్యాయి,” అంటూ అత్త అగాఫియా నా ఒడిలోంచి బిడ్డను లాక్కోబోయింది.

పోయిన ఆ కొడుకు పేరే నా బిడ్డకు పెట్టాం. మా వాళ్లలో పోయినవాళ్ల పేరు బిడ్డకు పెడితే ఆ మనిషి తిరిగొచ్చినట్టే. అందుకే మనవణ్ణి ఆవిడ “కొడుకా” అని పిలుస్తుంది.

బిడ్డకు ఏడ్చే ఓపిక కూడా లేదు. నదంతా పొగమంచు, బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన విమానం దిగలేదు. ఊరి నర్సు నస్తాసియా ఫోన్ గట్టిగా వినబడేలా పెట్టింది.

“రక్తపరీక్ష ఫలితం ఇప్పుడే వచ్చింది,” అంది బెతెల్ పట్నం ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ. “కిడ్నీల్లో ఉప్పును పట్టి ఉంచే హార్మోన్ వాడి ఒంట్లో తయారవడం లేదు. ఉప్పంతా మూత్రంలో పోతోంది. వెంటనే ఇంజెక్షన్ చెయ్యి. పాలు మాత్రం ఆపొద్దు.”

నస్తాసియా సూది గుచ్చింది. బిడ్డ కదల్లేదు.

అత్త ఫోన్ మీదికి వంగింది. “పాల వల్ల కాదా, డాక్టరమ్మా? ఇలాగే పోయిన నా మొదటి ఈవాన్‌కీ?”

“వాడిదీ ఈ జబ్బే అయుంటుంది. పాల వల్ల కాదమ్మా.”

సూది గుచ్చిన చోట అత్త చెయ్యి పెట్టింది.

“విన్నావా కొడుకా? అమ్మ పాలు కాదట. ఈసారి ఉండిపోరా.”