తెడ్డుకు కట్టిన తువ్వాలు

దేశాలకు పైన పెద్దదిక్కు లేదు గనక, పరాయివాడు ఎదురైతే ఏం చెయ్యాలో చెప్పడానికి ఇప్పుడు ప్రతి వేటపడవలోనూ మాట్లాడే సలహాల పెట్టె ఉంటోంది. నడిసముద్రంలో పరాయి దేశపు పడవ ఎదురవగానే, నూకరాజు పెట్టెలోని మూడు గొంతులూ వాదులాటకు దిగాయి.

“అడిగే నాథుడు లేనిచోట ముందు కొట్టినవాడే బతుకుతాడు,” అంది మొదటిది.

“ఒప్పందాలున్నాయి. నిలబెట్టుకుంటే ఇద్దరికీ లాభం,” అంది రెండోది.

“శత్రువులో, చుట్టాలో, మీరిద్దరూ ఎలా మసలుకుంటే అదే అవుతారు,” అంది మూడోది.

అవతలివాడు ఏదో పైకెత్తాడు. “ఆయుధం! ఆయుధం!” అని మూడూ ఒక్కసారే గగ్గోలుపెట్టాయి.

అది తువ్వాలు కట్టిన తెడ్డు. తాగునీళ్లు అయిపోయాయని చెప్పడానికి తాతలనాటి నుంచీ జాలర్లు చూపే గుర్తు.

“నోర్ముయ్యండెహె! ఆడికి తాగడానికి నీళ్లు నేవు,” అంటూ నూకరాజు నీళ్లడబ్బా పైకెత్తాడు.

వెంటనే అవతలి పడవలోని పెట్టె కూడా తన భాషలో గగ్గోలు మొదలుపెట్టింది. ఆ మనిషి నూకరాజు వంక చూసి, తెడ్డుకున్న తువ్వాలు విప్పి, తన పెట్టె నోట్లో కుక్కాడు.