ప్రాగ్ పచ్చ

జయరాం కళ్లు దేని మీద పడితే దాన్ని కాజేయాలి. ఆ ఒక్క పని కోసమే రాజేంద్ర ప్రాగ్ విమానం ఎక్కాడు.

ధర్మవరంలో ఇద్దరివీ పట్టుచీరల కొట్లే, ఎదురెదురుగా. జయరాం ఏ కొత్త అంచు తలపెట్టినా, అది అతని మగ్గం దిగేలోపే రాజేంద్ర కొట్లో వేలాడేది. ఎవరైనా అడిగితే, "అంచు మీద వాని పేరేమన్నా రాసిపెట్టినాడా ఏమప్పా?" అని నవ్వేసేవాడు.

పోయినేడు వ్యాపారంలో జయరాంకు గట్టి దెబ్బ తగిలిందని, ఇక కొట్టు మూసేస్తాడని ఊళ్లో చెప్పుకున్నారు. అలాంటివాడు, పక్కనున్న హంపీ కూడా చూడనివాడు, భార్య సునందను వెంటబెట్టుకుని ప్రాగ్ పోతాడట! ఆ మాట హోటల్లో నలుగురికీ వినబడేలా చెప్పాడట. రాజేంద్రకు ఆ పూట అన్నం సయించలేదు. శ్రావణం పెళ్లిళ్లు దగ్గరికొచ్చాయి. ఏడాది వ్యాపారమంతా ఆ నెలదే. జయరాం అక్కణ్ణుంచి కొత్తది పట్టుకొచ్చాడంటే బేరాలన్నీ ఎదురు కొట్టుకే.

అదే టూరుకు తానూ టికెట్ కొన్నాడు. బెంగళూరు విమానాశ్రయంలో ఎదురుపడి తెగ ఆశ్చర్యపోయాడు.

"ఏమప్పా జయరాం, నువ్వూ వస్తాండావా?"

"నువ్వు లేకుంటే నాకు పొద్దు పోదు గదన్నా" అన్నాడు జయరాం. సునంద మొహం తిప్పుకుని చక్కిలాల డబ్బా సర్దుకుంది.

ప్రాగ్‌లో రాళ్లు పరిచిన వీధులు, కొండ మీద కోట, నది మీద పాత వంతెన. రాజేంద్ర వాటిలో ఒక్కటీ సరిగా చూడలేదు. జయరాం తల ఎటు తిరిగితే తనూ అటే తిప్పాడు. గైడు తెల్లజుట్టు పెద్దావిడ. కమ్యూనిస్టుల రోజుల్లో తన తండ్రి వెనకాల ఎప్పుడూ ఒక మనిషి నడిచేవాడని, ఆయన ఏ కిటికీ ముందు ఆగినా ఆరా తీసేవాడని, ఆ రోజులు పోయి ముప్పయ్యేళ్లు దాటిందని చెప్పింది. టూరు మేనేజరు ఆ మాటలు తెలుగులో వినిపించాడు.

"మన ధర్మవరంలో ఆ రాజ్యం ఇంగా పోలేదు గదన్నా?" అన్నాడు జయరాం.

అందరితో పాటు రాజేంద్ర కూడా నవ్వాడు, కాస్త ఎక్కువగానే.

మర్నాడు వంతెన మీద దొరికిపోయాడు జయరాం. మబ్బు పట్టిన ఆకాశం, ఎదుట ఒక పాత చర్చి గుమ్మటం. దాని రాగిరేకు వానకు తడిసి తడిసి వింత పచ్చగా మారింది. చిలకపచ్చా కాదు, నెమలిపచ్చా కాదు. జయరాం అటూ ఇటూ చూసి జేబులోంచి చిన్న పట్టుపోగుల కుచ్చు తీశాడు. ఒక కన్ను మూసి దాన్ని గుమ్మటానికి అడ్డంగా పట్టుకున్నాడు. నేతవాళ్లు రంగు పోల్చుకునే పద్ధతే అది. కుచ్చు గుమ్మటంలో కలిసిపోయింది, అంత బాగా సరిపోయింది.

ఒక విగ్రహం చాటు నుంచి రాజేంద్ర ఆ రెండింటినీ కలిపి ఫోటో తీసేశాడు. ఊళ్లో ఉన్న తన గుమాస్తా తిమ్మప్పకు పంపి, వెంటనే ఫోన్ చేశాడు.

"తిమ్మప్పా, ఈ రంగు పట్టు కావల్ల. జయరాం ఊరు చేరకముందే మన మగ్గాలెక్కాల."

కాసేపటికి తిమ్మప్పే తిరిగి చేశాడు. "ఇప్పుడు అద్దకానికిస్తే శ్రావణానికి అందదన్నా. హిందూపురంలో ఒకాయప్ప దగ్గర ఇదే రంగు తయారుగా ఉండాదంట. శానా ఉండాది. రేటే జాస్తి చెప్తాండాడు."

"అడిగినంత ఇయ్యి. ఒక్క పోగు కూడా జయరాంకు మిగలగూడదు!"

ఆ సాయంత్రం రాజేంద్ర మనసు తేలికపడింది. మొగుడూ పెళ్లాలిద్దరికీ తానే ఐస్‌క్రీం కొనిపెట్టాడు. జయరాంను చూస్తే కొంచెం జాలి కూడా వేసింది.

శ్రావణం వచ్చింది. రాజేంద్ర కొట్టు ముందు 'ప్రాగ్ పచ్చ' అని పెద్ద బోర్డు లేచింది. మొదటి బేరం వజ్రకరూరు ఓబమ్మ, మనవరాలి పెళ్లికి. ఆమె చీరను వాకిట్లోకి తీసుకుపోయి ఎండలో విప్పి చూసింది. ప్రాగ్ మబ్బు కింద అంత అందంగా కనబడిన రంగు అనంతపురం ఎండకు అసలు రూపం బయటపెట్టుకుంది.

"ఏమప్పా, మా బావుల్లో చుక్క నీళ్లు లేవు గానీ నీ చీర నిండా పాచి ఉండాదే!" అని ఆమె ఎదురు కొట్టుకు పోయింది.

తర్వాత వచ్చినవాళ్లదీ అదే మాట, అదే దారి. జయరాం కొట్లో ఎరుపులు, పసుపులు ఎగిరిపోతున్నాయి. పచ్చ ఒక్కటీ లేదు. రాజేంద్రకు ఏడుపొకటే తక్కువ. చివరికి ఉండబట్టలేక రోడ్డు దాటాడు. కొట్లో సునంద ఒక్కతే ఉంది.

"ఏమ్మా, మీరు ఆ గుమ్మటం రంగు నేయించలేదే? పట్టు దొరకలేదా?"

సునంద అతన్ని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, తన ఫోన్లో ఒక ఫోటో చూపించింది. విగ్రహం చాటున వంగి, ఫోన్ పైకెత్తి పట్టుకున్న రాజేంద్ర!

"హిందూపురంలో అమ్మినోడు మా తమ్ముడేన్నా" అంది. "పోయినేడు అద్దకం చెడిపోయి మాకు గుట్టగా మిగిలిపోయిన సరుకు అది."

రాజేంద్ర కాఫీ పక్కన పెట్టేశాడు. "మరి జయరాం ఆ గుమ్మటానికి పోగులు పెట్టి చూసినాడు గదమ్మా, నా కండ్లతో చూస్తి!"

"గుమ్మటానికి సరిపోయే పట్టు కోసం కాదన్నా," అంది సునంద, "మా పట్టుకు సరిపోయే ఊరు యాడుండాదో వెదికి వెదికి ప్రాగ్‌కు పోయినాం."