రెండు పేర్లు

మార్కాపురం ల్యాబులో, ప్రియాన్ జబ్బుతో చనిపోయిన మనిషి మెదడు ముక్కను కోస్తుండగా పద్మావతి వేలికి బ్లేడు దిగింది. సీనియర్ టెక్నీషియన్ ఓబులేసు ఆమె చేతిని కుళాయి కింద పెట్టించాడు.

"ఫార్మలిన్‌లో ఊరిన ముక్కే గదన్నా. క్రిమి చచ్చే ఉంటది."

"ఇది క్రిమి కాదమ్మా, రూపు చెడిన ప్రొటీను. ఫార్మలిన్‌కు చావదు, ఉడకబెట్టినా చావదు."

"నాకు అంటిందో లేదో ఎప్పుడు తెలుస్తది?"

"ఏండ్లు పడ్తాయి. అంతదాకా తెలిసే టెస్టు లేదు."

"ఇంట్లో ఏమని చెప్పాలన్నా?"

ఓబులేసు తన బొటనవేలి మీది పాత గాటు చూపించాడు. "ఇట్లాంటి ముక్క కోస్తుంటేనే తెగింది. పదకొండేండ్లయింది. ఇంట్లో చెప్పలే, ఇక్కడా చెప్పలే."

"ఇన్నేండ్లు ఒక్కడివే ఎట్ల మోసినావన్నా?"

ఓబులేసు ప్రమాదాల రిజిస్టరు తెచ్చి, ముందు తన పేరు రాసి, పెన్ను ఆమెకు ఇచ్చాడు.