మూతెడు ఆముదం

"ఆముదం పోసే ప్రసక్తే లేదు వదినా," అంటూ డారిల్ పెట్రోలు డబ్బాకి అడ్డంగా నిలబడ్డాడు.

రేలీన్ గొంతు పెంచలేదు. "మీ అన్నయ్యకిది ఆఖరి చుట్టు. ఆయనకిష్టమైన నూనెతోనే తిరగాలి."

మోటారుసైకిల్ పందేల ట్రాక్ పక్కన రేకుల షెడ్డులో కోలిన్ బండి స్టాండు మీద ఉంది. గుండె ఆగి కోలిన్ పోయి వారం దాటింది. క్లబ్బులో ఎవరు పోయినా వాళ్ళ బండిని అయినవాళ్ళెవరో ముందు నడుపుతారు, మిగతా బళ్ళన్నీ వెనకాలే ఎర్ర ఇసుకలో నెమ్మదిగా ఒక చుట్టు తిరుగుతాయి. ఆ తరువాతే సాసేజీలు, బీరు. బయట అప్పుడే జనం చేరారు. వచ్చినవాళ్ళందరూ రేలీన్‌ని కావలించుకుని ఏడుస్తున్నారు. ఆమెకి మాత్రం ఏడుపు రావటం లేదు. మనసంతా తిమ్మిరెక్కిపోయింది. ఈ ఒక్కటీ సరిగ్గా జరిపిస్తే చాలు, కోలిన్‌కి చెయ్యాల్సింది చేసినట్టే అనుకుంటోంది.

"ఈ బండిలో అన్నయ్య ఏనాడూ ఆముదం చుక్క పొయ్యలేదు," అన్నాడు డారిల్. "దీనికి పెట్రోలులో కలిపేది సింథటిక్ నూనే. డబ్బాలో పెట్రోలు చూడు, నీలంగా లేదూ? అది ఆ నూనె రంగే. దాంట్లో ఆముదం కలిపితే విరిగిన పాలలా ముద్ద కడుతుంది. సగం చుట్టులోనే ఇంజను పట్టేస్తుంది. అందరూ చూస్తుండగా నేను అన్నయ్య బండిని తోసుకుంటూ రావాలా?"

"ఆయన చొక్కాలు ఉతికింది నువ్వా, నేనా?"

"నువ్వే. కాదన్నానా?"

"ప్రతి ఆదివారం ఆముదం పొగ కొట్టేవి. కాలరు దగ్గర మరీనూ. నాకు తెలీదా?"

డారిల్ గుడ్డముక్క తీసుకుని, తుడిచిన వేళ్ళనే మళ్ళీ తుడుచుకున్నాడు.

"మరి ఆ వాసన ఎక్కణ్ణుంచి వచ్చేది?"

"నాకేం తెలుసు వదినా."

"నిప్పు లేనిదే పొగ రాదు డారిల్. ఈ క్లబ్బులో ఆముదం పోసి నడిపేదెవరు?"

"పాతకాలం బండి ఒక్కటే ఉంది..."

"ఎవరిది?"

"జోసీది," అన్నాడు నేలకేసి చూస్తూ.

జోసీ గోధుమలు మోసే లారీలు నడుపుతుంది. ఒంటరి మనిషి. ఎండైనా వానైనా ఆదివారం ట్రాక్ మీదే ఉంటుంది. కోలిన్ ఆదివారాలు చీకటిపడ్డాక గానీ ఇల్లు చేరేవాడు కాదు. రేలీన్‌కి కోపం రావాలి. రాలేదు. చచ్చినవాడితో ఏం పోట్లాడుతుంది? పెళ్ళి ఫొటోలో తన పక్కన నిలబడ్డ మనిషి నిజంగా తనవాడేనా, అదొక్కటే తెలియాలి.

"పిలువు దాన్ని."

"ఇవాళ వద్దులే వదినా..."

"పిలువు."

జోసీ హెల్మెట్టు చంకలో పెట్టుకుని వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మా ఆయన చొక్కాలకి నీ బండి నూనె వాసన ఎందుకుండేది?" ఫ్రిజ్‌లో పాలున్నాయా అని అడిగినంత మామూలుగా అడిగింది రేలీన్.

జోసీ డారిల్ వంక చూసింది. డారిల్ పైకప్పు వంక చూశాడు.

"నీకు చెప్పొద్దని మా అందరిచేతా ఒట్టు వేయించుకున్నాడు రేలీన్."

"ఒట్టు వేయించుకున్నవాడు లేడుగా. చెప్పు."

జోసీ బోర్లించిన పెట్టె మీద కూలబడింది. "ఇంటికి బయలుదేరే ముందు నా దగ్గరికొచ్చి మూతెడు ఆముదం అడిగేవాడు. దాన్ని కాలుతున్న సైలెన్సరు మీద పోసి, ఆ పొగలో చేతులు చాపుకుని గిరగిరా తిరిగేవాడు, తడిసిన కుక్క ఒళ్ళారబెట్టుకున్నట్టు. 'పందిమాంసం పొగబెడుతున్నార్రోయ్' అని ఏడిపించేవాళ్ళం. లెక్కచేస్తేగా!"

"ఎందుకట?"

"ఎందుకేంటి, నీకోసమే! మొదటిసారి నిన్నిక్కడికి తీసుకొచ్చాడట కదా. అప్పుడు అన్నీ ఆముదం బళ్ళేనాయె. ఆ పొగ పీల్చి నువ్వు 'భలే వాసన' అన్నావట. ఆ మాటకే మనవాడు పడిపోయాడు. తరువాత కొన్న ఈ బండికి ఆముదం పడదన్నారు. 'బండి మార్చాను గానీ మా ఆవిడ ఇష్టాన్ని మార్చగలనా' అనేవాడు."

డారిల్ గట్టిగా ముక్కు చీదాడు.

రేలీన్ డబ్బా వంక చెయ్యి చూపింది. "ఆ నీలం పెట్రోలే పొయ్యి డారిల్."

డారిల్ ట్యాంకు నింపి, కిక్కు కొట్టాడు. షెడ్డు రేకులు దద్దరిల్లాయి. సైలెన్సరు బాగా కాలేదాకా ఇంజను తిరగనిచ్చాడు. జోసీ జాకెట్టు జేబులోంచి సీసా తీసి, మూతెడు ఆముదం వంచి పైపు మీద పోసింది. చుయ్యిమంటూ తెల్లటి పొగ లేచింది. రేలీన్ తనివితీరా పీల్చుకుంటుందని ఇద్దరూ పక్కకి తప్పుకున్నారు.

రేలీన్ పొగలోకి నడిచి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చింది. వారంగా రాని కన్నీళ్ళు ఇప్పుడు బొటబొటా రాలాయి.

"ఇంకో మూతెడు పొయ్యనా?" మెల్లగా అడిగింది జోసీ.

"పొయ్యి," అంది రేలీన్. ఆనాడు కొత్త కుర్రాడితో ఏం మాట్లాడాలో తోచక నోటికొచ్చింది అనేసింది గానీ, ఆయనకిష్టం కదా అని ఇన్నేళ్ళూ ఓర్చుకుంది గానీ, ఆ వాసన ఆమెకి ఒక్కనాడూ పడలేదు.