ఎర్ర ఉన్నిదారం

"వదులు! నా బాతును వదలరా!"

బస్రాకు ఎగువన, చిత్తడి నీళ్ల మధ్యనున్న చిబాయిష్ సంత నడిమధ్యలో ఫిద్దా, పిట్టలమ్మే చాసిబ్ చేతిలోని గుత్తిని పట్టుకుని లాగింది. కాళ్లకు తాడు కట్టి తలకిందులుగా వేలాడదీసిన చుక్కల బాతులు పది పన్నెండు ఒక్కసారిగా రెక్కలు కొట్టుకున్నాయి. వాటిలో ఒకదాని కాలికి ఎర్ర ఉన్నిదారం ముడి వేసి ఉంది.

"ఈ ముడి నేను వేసింది. పోయిన వేసవిలో నీళ్లు ఉప్పెక్కి తల్లి చచ్చిపోతే, ఈ పిల్లను ఒళ్లో పెట్టుకుని పెంచాను. నీ చేతులు పడిపోను, దీన్ని ఎట్లా పట్టావురా?"

చాసిబ్ పళ్లికిలించాడు. "నేను పట్టలేదు పెద్దమ్మా. కొన్నాను, అమ్ముతున్నాను. అంతే."

"ఎవడి దగ్గర కొన్నావు?"

"పడవలో వచ్చాడు. ముఖానికి గుడ్డ చుట్టుకున్నాడు. పేరడిగితే బేరం చెడుతుంది."

"వీటిని పట్టకూడదని చట్టం ఉంది!"

"చట్టానికి ఈత రాదు పెద్దమ్మా. ఒడ్డునే కూర్చుంటుంది."

చుట్టూ చేరినవాళ్లు గొల్లున నవ్వారు. ఫిద్దా నవ్వలేదు. నడుముకున్న చాకు తీసి తాడు కోసి, తన బాతును ఒంటిమీది నల్లటి అబాయా కొంగులో చుట్టుకుంది. దాని రెక్క విరిగి ఉంది. ఇక ఎగరదు.

అక్కణ్ణుంచి నేరుగా పక్షుల కావలి ఖయ్యూన్ ఇంటికి వెళ్లింది. అతను నిమ్మ చాయ్ తాగుతున్నాడు.

"సర్కారు నీకు టోపీ ఎందుకిచ్చిందిరా? ఎండ తగలకుండానా?"

"కూర్చో పెద్దమ్మా. చాయ్..."

"నీ చాయ్‌లో మన్ను పడ. లేచి పడవ తియ్యి."

"పెట్రోలు లేదు."

"గెడ ఉందిగా. నువ్వు నెట్టలేకపోతే నేను నెడతాను."

ఖయ్యూన్ తల గోక్కున్నాడు. "ఉత్తరపు మడుగులో వల వేస్తున్నారని నాకూ తెలుసు. తెలియనిదొక్కటే. చుక్కల బాతు మహా అనుమానపు జాతి. వేటగాడి ఈలకు దిగదు, స్పీకరు పెట్టెలో బాతు కూతలు పెట్టినా దిగదు. మరి వాడికెట్లా గుంపులు గుంపులుగా దిగుతున్నాయి?"

"మందు చల్లుతున్నాడేమో."

"మందు తిన్నవి ఇట్లా రెక్కలు కొట్టుకోవు. సరే, రేపు పొద్దున పోదాం. కానీ వాడు మన తెగవాడే అయితే?"

"అయితే ఇంకో రెండు చెంపదెబ్బలు ఎక్కువ. అబ్బాస్ మీద ఒట్టు ఖయ్యూన్, వాడెవడైనా సరే, నలుగురిలో పేరు పెట్టి చెప్తాను. నా చేత్తోనే పోలీసులకు అప్పజెప్తాను."

అమరవీరుడు అబ్బాస్ మీద వేసిన ఒట్టు తప్పితే ఆ నీళ్లలో ఎవరూ బతికి బట్టకట్టరు. ఖయ్యూన్ టోపీ అందుకుని తలకు పెట్టుకున్నాడు.

ఆ రాత్రి ఫిద్దాకు నిద్ర పట్టలేదు. నీళ్ల మధ్య తన దిబ్బ మీది గుడిసెలో, రెల్లు చాప మీద బాతును పక్కనే పెట్టుకుని పడుకుంది. చిత్తడిలో ఒక్కో ఇంటికి ఒక్కో పిలుపు. ఒకరి గేదె మరొకరి పిలుపుకు చెవి కూడా కదపదు. ఫిద్దా గేదెలను పిలిచి తవుడు వేసేటప్పుడు బాతులూ వచ్చి చేరేవి. గేదెలు పోయాయి. బాతులు మాత్రం ఆ పిలుపు మరచిపోలేదు. రోజూ తెల్లవారగానే ఆమె పిలుస్తుంది, అవి వచ్చి వాలతాయి. ఈ చలికాలంలో గుంపు సగమైంది.

గేదెలను తీసుకుపోయింది తమ్ముడు సహైన్. తల్లి పోయాక ఆమె వీపున మోసి పెంచినవాడు. ఉప్పునీళ్లకు చావగా మిగిలిన వాటిని లారీ ఎక్కించి బస్రా పోతూ, రికార్డు నొక్కి ఫోను చాచాడు. "ఒక్కసారి పిలువక్కా. నీ గొంతు నా దగ్గర ఉండిపోవాలి."

ఫిద్దా పిలిచింది. "ఏ...హో... రండమ్మా రం..." సగంలోనే ఏడుపు తన్నుకొచ్చి గొంతు పూడుకుపోయింది. మళ్లీ పిలువనా అంటే, "వద్దక్కా, ఇట్లాగే ఉండనీ" అన్నాడు. శుక్రవారం శుక్రవారం ఫోను చేస్తాడు. "పొద్దున్నే నీ పిలుపు వినందే నాకు రోజు మొదలవదక్కా" అంటాడు. వీడ్కోళ్లతోనే అరిగిపోయిన ప్రాణానికి ఆ ఒక్క మాటే ఊరట. బాతు సంగతి వాడికి చెప్పలేదు. అంత దూరంలో ఉండి బాధపడతాడు.

తెల్లవారుజామున మంచులో పడవ కదిలింది. ఖయ్యూన్ గెడ వేస్తున్నాడు. ఫిద్దా ముందు కూర్చుంది.

"ఇవాళ తవుడు వేయకుండా వచ్చేశాను" అంది. "పాపం, ఎదురుచూస్తుంటాయి."

"ఒక్కపూటకేం కాదులే పెద్దమ్మా."

"ఆకలికి పూటలు తెలుస్తాయిరా? వాడు దొరకనీ. వాడి కడుపు కాల్చి అడుగుతాను."

ఉత్తరపు మడుగు దగ్గర ఖయ్యూన్ గెడ ఆపాడు. నీళ్ల మీద సన్నటి వల, దాని పక్కన రెల్లులో నల్లటి పడవ ముక్కు. నెత్తి మీద రెక్కల చప్పుడు. ఫిద్దా తలెత్తింది. బాతులు ఆమె దిబ్బ వైపు నుంచే వస్తున్నాయి. గుంపుకు గుంపు, రెండో ఆలోచన లేకుండా నేరుగా వల మీదికి దిగిపోతున్నాయి.

"పోండే! పోండి!" అని అరవబోయింది.

అంతలో రెల్లులోంచి గరగరమని పెట్టె మోగింది. ఆడమనిషి పిలుపు. "ఏ...హో... రండమ్మా రం..." ఖయ్యూన్ చివ్వున వెనక్కి తిరిగి ఫిద్దా నోటి వంక చూశాడు. నోరు మూసే ఉంది.

సగంలోనే ఏడుపు తన్నుకొచ్చి ఆ గొంతు పూడుకుపోయింది.