సున్నా నెల

“ఫంక్షన్‌కి ‘ఏరెయ్’ అని పేరు పెడతారా ఎవరైనా?” అంది టీచరు.

“డూప్లికేట్లని ఏరేసేదే కదా మేడమ్ దాని పని! ‘ఏరెయ్’ అనక ‘వడ్డించు’ అనాలా?”

క్లాసంతా గొల్లుమంది. టీచరు తల పట్టుకుంది.

అతనికి నలభై రెండేళ్ళు. అందరూ తాళాలాయన అంటారు. ఇక్కడికి రాకముందు అతనిది తాళాల పని. ఇప్పుడు ఆ చేతులతోనే, రెండంటే రెండు వేళ్ళతో, టకటకమని జావాస్క్రిప్ట్ కోడ్ కొడుతున్నాడు.

ల్యాబ్‌లో ఆరు కంప్యూటర్లు. అందులో రెండు అలంకారానికి. నెట్ లేదు, ఇవ్వరు. లోకమంతా ఒక్క క్లిక్కుతో దించుకునే చిల్లర ఫంక్షన్లని ఇక్కడ ఎవరికి వాళ్ళు రాసుకోవాల్సిందే. అందుకే టీచరు ఆ ప్రాజెక్టు ఇచ్చింది. ప్రతి ఒక్కరూ అలాంటి ఫంక్షన్లన్నీ ఒకచోట చేర్చి, సొంతంగా ఒక చిన్న లైబ్రరీ తయారుచెయ్యాలి.

తాళాలాయన లైబ్రరీలో అప్పటికే పదకొండు ఫంక్షన్లు. జాబితాని ముక్కలు చేసేది ‘కొయ్యి’. మొదటి అక్షరాన్ని పెద్దది చేసేది ‘పెంచు’. పన్నెండోది ‘గడువు’. మొదలైన తేదీ, ఎన్నేళ్ళో చెబితే చాలు, ముగిసే తేదీ చెప్పేస్తుంది.

దానిమీద ఆఫీసు గుమాస్తా కన్ను పడింది. ఎవరు ఏ రోజు ఇంటికి వెళ్ళాలో వేళ్ళమీద లెక్కపెట్టి రాసీ రాసీ అతని ప్రాణం విసిగిపోయింది. ‘గడువు’ని పెన్‌డ్రైవులో ఎక్కించుకుపోయాడు. ఆ రోజే పాత రిజిస్టరు అటకెక్కింది.

ఆదివారం భార్య వచ్చింది. మాట్లాడుకోవడానికి ఇచ్చేదే అరగంట. అందులో పది నిమిషాలు అలక్కే పోయాయి.

“పాప స్కూల్లో నాటకం నవంబరు పదహారున. పోలీసు వేషం. నాన్న ముందు వరసలో కూర్చుంటేనే వేస్తానంటోంది.”

“నాది డిసెంబరు తొమ్మిది కదే.”

“ఒక్క రోజు అడగరాదూ?”

“అడిగా. నవ్వారు.”

“పోయినేడూ ఇదే మాట. అంతకుముందేడూ ఇదే. ఇంకేం చెప్పి ఊరుకోబెట్టనయ్యా దాన్ని?”

ఆమె కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆ పూట అతనికి ముద్ద దిగలేదు.

మంగళవారం టీచరు ‘గడువు’ కోడ్ చూసింది.

“ఇదేంటి? జావాస్క్రిప్ట్ నెలల్ని సున్నా నుంచి లెక్కపెడుతుంది, దానికి జనవరి అంటే సున్నా, అందుకని నెలలోంచి ఒకటి తీసెయ్యమన్నాను. నువ్వు రెండు చోట్ల తీసేశావు! ఒక నెల తగ్గిపోతోంది. డిసెంబరు రావాల్సిన చోట నవంబరు వస్తోంది, చూడు.”

తాళాలాయన తెర వంక చూశాడు. తన తేదీ కొట్టి చూశాడు. నవంబరు తొమ్మిది.

“అయ్యో, నిజమే మేడమ్. సరిచేస్తా.”

“దానికి టెస్టు కూడా రాయి. రావాల్సిన జవాబు ముందే రాసిపెట్టు. ఫంక్షన్ అదే ఇస్తే పచ్చ, లేకపోతే ఎరుపు.”

శుక్రవారం మళ్ళీ అడిగింది. “టెస్టులు?”

“అన్నీ పచ్చ మేడమ్.”

నిజంగా పచ్చే. ఫంక్షన్‌ని మాత్రం వేలితో కూడా ముట్టలేదు. టెస్టులో రావాల్సిన జవాబుని నవంబరని మార్చాడంతే. కొత్తగా నేర్చుకునే ప్రతివాడూ ఏదో ఒకరోజు చేసే కక్కుర్తి పనే ఇది. టీచరు ఇంకా పద్నాలుగు మంది లైబ్రరీలు చూడాలి. “శభాష్” అనేసి పక్క కంప్యూటరు దగ్గరికి వెళ్ళిపోయింది.

గుమాస్తా వరండాలో ఎదురయ్యాడు. “ఏమోయ్, ‘గడువు’లో కొత్త మార్పులేమైనా ఉన్నాయా?”

“ఏమీ లేవు సార్. అదే భేషుగ్గా ఉంది.”

నవంబరు మొదట్లో, ఇంటికి వెళ్ళేవాళ్ళ జాబితా పెద్దసారు బల్లమీదికి చేరింది.

“ఈసారి డబుల్ ఉన్నారేంటయ్యా?”

“కంప్యూటరు లెక్క సార్. పోయిన నెలే వెళ్ళాల్సినవాళ్ళూ ఇందులో ఉన్నారు. ఇన్నాళ్ళూ నేనే తప్పు లెక్కపెడుతున్నట్టున్నాను.” గుమాస్తా సిగ్గుపడ్డాడు.

కంప్యూటరుతో వాదించేంత ఓపిక పెద్దసారుకి లేదు. సంతకం గీకేసి జాబితా అవతలికి తోశాడు.

నవంబరు తొమ్మిది పొద్దున, మూడేళ్ళ కిందట అప్పగించిన పాత చొక్కా తిరిగి తొడుక్కుని, జీవితంలో మొదటిసారి తాళం మీద చెయ్యి కూడా వెయ్యకుండా, తాళాలాయన దర్జాగా జైలు గేటు దాటాడు.